కోతా, మేటా

మా పొలం ఎంతని ఎవరైనా అడిగితే తాతయ్య సూటిగా జవాబిచ్చేవారు కాదు. "ఏ ఏటి సంగతండీ?" అని ఎదురడిగేవారు. వేళాకోళానికి కాదు. ఒక ఏడు వరద మా వైపు ఒడ్డుని కొరికేస్తే రెండు వరసల కొబ్బరిచెట్లు గోదారిపాలయ్యేవి. ఇంకో ఏడు ఎగువన ఎవరిదో చేను కరిగి మా దిగువ కొసన మేట వేస్తే, అంతకుముందు పడవ ఆగిన చోట దొండపాదు పెట్టుకునేవాళ్ళం. కాగితాల మీద మాత్రం ఎకరాలు ఎప్పుడూ ఒక్కలాగే ఉండేవి. ఆ కాగితాల్ని ఆయన ఇనప్పెట్టెలో భద్రంగా దాచేవారు గానీ పెద్దగా నమ్మేవారు కాదు.

పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. ఆ చుట్టుపక్కల లంకల్లో మాదొకటి. కోనసీమ అనగానే జనానికి కాలువలు, వరిచేలు, కాలువగట్టు మీద సైకిళ్ళు గుర్తొస్తాయి. అది ఏటిగట్టుకి అవతలి కోనసీమ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక, కాలువలొచ్చి, గట్లు గట్టిపడి, అవతలి ఊళ్ళన్నీ మాగాణులయ్యాయి. గట్టుకీ ఏటికీ మధ్య మిగిలినవాళ్ళం మేం. గట్టు వరదని వాళ్ళ వైపు పోనివ్వదు. పోనివ్వని ఆ నీళ్ళన్నీ మా మీంచే సముద్రానికి వెళ్ళాలి. బడికైనా, ఆసుపత్రికైనా, పెళ్ళికైనా మాకు పడవే దిక్కు. ఎండాకాలం పాయ ఎండితే ఇసకలో నడక.

బొమ్మలు వేసి బతికే మనిషినయ్యాక, నా పనులు నిలవవని, పగులుతాయని, ఆఖరికి చీపురుతో ఊడ్చేస్తానని నలుగురికీ తెలిశాక, ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ అనిత్యత మీద మీకు ఇంత పట్టు ఎక్కణ్ణించి వచ్చింది, బౌద్ధం చదివారా అని. చదివాను, చాలా తర్వాత. కానీ అంతకుముందే మా లంక ఉంది. అక్కడ దాన్ని ఎవరూ తత్వం అనుకోలేదు. అది పని. ఎర్రనీటితో మొదలై సంక్రాంతి దాకా సాగే పని.

జూన్ ఆఖర్లోనో జూలైలోనో ఎర్రనీరు తగిలేది. రేవులో మెట్లు ఒక్కొక్కటే మునుగుతుంటే లెక్కపెట్టడం పిల్లలకి ఆట. పెద్దవాళ్ళకి అది గడ్డివాము మెరక మీదకి మార్చుకొమ్మన్న కబురు. రేడియోలో భద్రాచలం నీటిమట్టం చెబుతుంటే తాతయ్య వేళ్ళు మడిచి, ఆ నీళ్ళు మా రేవుకి ఎప్పుడు దిగుతాయో చెప్పేసేవారు. మామ్మ అప్పటికే బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు అటక ఎక్కించేసి ఉండేది. ఆవిడకి రేడియోతో పని లేదు. చీమలు గోడెక్కడం చూసి సర్దుకునేది.

గట్టు అవతలివాళ్ళు వరద ఎక్కేటప్పుడు భయపడతారు. లంకవాళ్ళు తీసేటప్పుడు భయపడతారు. ఏరు నిండుగా ఉన్నంతసేపు ఒడ్డుని ఆ నీళ్ళే ఆనుకుని నిలబెడతాయి. తీత మొదలయ్యాక, లోపలంతా నానిపోయి బరువెక్కిన మట్టికి ఆ ఆనిక పోతుంది. కోత పడేది అప్పుడే. రాత్రి మంచాల మీద పడుకుని వినేవాళ్ళం. ముందు పర్రున ఒక చిన్న చప్పుడు, ఒడ్డు మీద నెర్ర విచ్చినట్టు. కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత దభేలున ఒక పెద్ద ముక్క నీళ్ళలో పడేది. తాతయ్య చీకట్లోంచే "పనసచెట్టు పక్కది" అనేవారు. పొద్దున్నే పరిగెత్తుకెళ్ళి చూస్తే అదే. వేర్లు గాల్లో వేలాడుతూ కొబ్బరిచెట్టు ఏటి మీదకి ఒరిగి ఉండేది. దాని కింద నిలబడి ఎవరూ ఏడవలేదు. పడేలోపు ఎక్కి, లేతవీ ముదురువీ చూడకుండా కాయలన్నీ దింపేసేవాళ్ళు. తాళ్ళేసి ఇటువైపు లాగి కొట్టుకుంటే మొద్దు దూలానికైనా పనికొస్తుంది. ఏడుపు లేదంటే నష్టం లేదని కాదు. బాబాయి చదువు ఇంటర్‌తో ఆగిపోవడానికి కారణం అలాంటి రెండు తీతలే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

ఎనభయ్యారు వరదకి నేను బళ్ళో చదువుతున్నాను. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చిందని, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు దిగాయని పెద్దయ్యాక చదివాను. అప్పటి నా కొలత వేరు. గడప, కిటికీ, అటక. నీళ్ళు అటక దాటాయి. మేం ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద, గేదెల మధ్య, పులిహోర పొట్లాలు తింటూ ఉన్నాం. పిల్లలకి అది పండగలాగే గడిచింది. తిరిగి ఇంటికి వచ్చాక చూస్తే ఉప్పుజాడీ మాత్రం ఉన్నచోటే నిటారుగా ఉంది. మిగతా సామానంతా గదులు మారింది.

గోడల మీద, పైకప్పుకి కాస్త కిందుగా, ఇల్లంతా ఒకే ఎత్తున మట్టి గీత పడింది. ఏ రూళ్ళకర్రా పెట్టకుండా అంత సమంగా గీసిన గీత మళ్ళీ నేను చూడలేదు. తాతయ్య మసిబొగ్గు తీసుకుని దాని పక్కన ఏడాది రాశారు. కింద పాత వరదల గుర్తులు కూడా ఉన్నాయి. సంక్రాంతి ముందు సున్నాలు వేసేటప్పుడు మామ్మ అన్నిటినీ కలిపి తుడిచేయించింది. తాతయ్య ఉంచమంటే ఒప్పుకోలేదు. "సంబంధానికొచ్చినోళ్ళు ఈ మరకలు చూశారంటే మనబ్బాయికి పిల్లనిస్తారా?" అంది. నిజమే, లంక కుర్రాళ్ళకి సంబంధాలు కుదరడం కష్టంగానే ఉండేది. తాతయ్య ఇంకేమీ అనలేదు. ఆ ఎత్తు తన చేత్తో కొలిచి గుర్తుపెట్టుకున్నారు. సున్నం ఆరాక ఎవరైనా అడిగితే గోడ దగ్గర నిలబడి, చెయ్యెత్తి చూపించేవారు. బాబాయి పెళ్ళయ్యాక మళ్ళీ బొగ్గుతో రాశారు. వచ్చే సంక్రాంతికి మళ్ళీ సున్నం.

వరద వెళ్ళాక చేలో జానెడు మందాన ఒండ్రు దిగేది. మొదట్లో కాలు పెడితే పిక్క దాకా లాగేది. నాలుగు ఎండలు కాశాక పైపొర బిగిసి, నెర్రలు పడి, చేనంతా పెచ్చులు పెచ్చులుగా విడిపోయి, ఒక్కో పెచ్చూ అంచులు పైకి లేపుకుని అప్పడంలా ముడుచుకునేది. పైన మెత్తటి మట్టి, అడుగున సన్నటి ఇసక. రెండూ ఒక్కలా ఎండవు కాబట్టే ఆ ముడత. మేం వాటిని విరగకుండా ఎత్తి, కొబ్బరి ఈనెతో బొమ్మలు గీసేవాళ్ళం. బడిలో పలక ఒకటే, తుడుచుకోవాలి. ఇక్కడ చేనంతా పలకలే. ఎన్ని గీసినా ఎవరూ ఏమీ అనరు. దుక్కి మొదలయ్యేలోపు ఎన్ని వేసుకుంటే అన్ని. ఎద్దులు ఏ రోజు దిగుతాయో తెలుసు కాబట్టి ఆ ముందురోజు చీకటిపడేదాకా గీసేవాళ్ళం. నాగలి వాటి మీంచి వెళ్తుంటే గట్టు మీద నిలబడి ఎవరి బొమ్మ ఎప్పుడు విరుగుతుందో అని పందేలు.

దుక్కికి ముందు ఇంకో పని జరిగేది. గట్లూ, సరిహద్దు రాళ్ళూ ఒండ్రు కిందకి పోయేవి కాబట్టి పెద్దమనుషులు కూర్చుని హద్దులు మళ్ళీ తేల్చాలి. అవతలి ఒడ్డున గుడి ధ్వజస్తంభం, ఇవతల రావిచెట్టు. ఈ రెండిటినీ ఒక చూపులో కలిపి, మేకులు దిగ్గొట్టి, కొబ్బరితాడు బిగలాగి, దాని వెంట గునపంతో గీసుకుంటూ పోయేవాళ్ళు. ఏ గీతా లేని నున్నటి బూడిదరంగు నేల మీద అంత పొడుగు గీత పడుతుంటే నాకు ఊపిరి ఆడేది కాదు. ఆ గీత కోసం తలకాయలు పగిలిన సందర్భాలూ ఉన్నాయని తర్వాత తెలిసింది.

అలాంటి తగాదా ఒకటి మా వీధిలోనే నడిచింది. రెండు ఇళ్ళ మధ్య ఒక కొత్త మేట గురించి మాటలు పోయాయి. ఆ సంక్రాంతికి రథం ముగ్గు వేసినప్పుడు సంగతి బయటపడింది. మా వైపు రథం ముగ్గు తాడుని వీధిలోకి గీసి పక్కింటి తాడుతో కలుపుతారు. అలా ఊరంతా ఒకే తాడు. ఆ ఏడు ఆ రెండు వాకిళ్ళ మధ్య మూరెడు నేల ఖాళీగా ఉండిపోయింది. మరుసటి వరదకి ఆ మేట కాస్తా కొట్టుకుపోయింది. తగాదాకి వస్తువే లేదు కనక తాళ్ళు మళ్ళీ కలిశాయి. కోర్టులో కేసు మాత్రం, నీళ్ళ కిందున్న ఆ నేల మీద, ఇంకా చాలా ఏళ్ళు నడిచింది.

ముగ్గు నాకు సరదా కాదు, ఆడపిల్లని కాబట్టి వంతు. నెలగంట పెట్టింది మొదలు చలిలో లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి జల్లి, దొడ్డమ్మ పక్కన గొంతుక్కూర్చోవాలి. నా దగ్గర చుక్కల లెక్కలు రాసుకున్న నోటుపుస్తకం ఉండేది. దొడ్డమ్మ దాని మొహం చూసేది కాదు. కిందటేడు వేసిన ఫలానా ముగ్గు ఎలా వెయ్యాలి అనడిగితే నోటితో చెప్పలేకపోయేది. "ఏమో, పిండి ఇలా తే" అనేది. పిండి వేళ్ళలోకి వచ్చాక చెయ్యి దానంతటదే పోయేది. అది ఆవిడ బుర్రలో లేదు, మణికట్టులో ఉంది. మధ్యాహ్నానికి కోళ్ళు, సైకిళ్ళు, పెయ్యలు తొక్కి చెరిపేసేవి. ఆ చెరగడాన్ని ఆవిడ ఎప్పుడైనా చూసిందో లేదో నాకు అనుమానమే. అప్పటికి పొయ్యి దగ్గర ఉండేది.

ముగ్గు నడుమ పెట్టిన గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు సాయంత్రానికి వాడిపోతే, పేడ మాత్రం గోడకెక్కి పిడక అయ్యేది. రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టేవాళ్ళు. ధనుర్మాసంలో నేను కష్టపడి గుండ్రంగా చేసిన దాన్ని మాఘంలో తినేసేవాళ్ళం. పోవడం అంటే ఇంకో పనికి మారడం అని నాకెవరూ చెప్పలేదు. పరమాన్నానికి పట్టిన పొగవాసన చెప్పింది.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్ళేవాళ్ళు. మొసలపల్లి దగ్గర ఆ కొబ్బరితోటలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు కలుస్తాయి. వెదుళ్ళు వంచి, రంగుబట్టలు చుట్టి, వరికంకులు, పూలు కట్టిన ఆ ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ వరిచేలలోంచి వస్తారు. తొక్కిన చేనుగలవాళ్ళు అది శుభమనే అనుకుంటారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగినప్పుడు మోసేవాళ్ళ మెడల దాకా నీళ్ళు, "శరభా, అశరభా" అని కేకలు, పైన ప్రభ ఇటూ అటూ ఒరుగుతుంటే ఒడ్డున ఉన్న మాకు గుండెలు జారేవి. రోజుల తరబడి కట్టిన దాన్ని ఒక్క పూట మొయ్యడం, విప్పెయ్యడం. 2023లో ఆ తీర్థం ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కి వెళ్ళింది. టీవీలో చూసి సంతోషించాను. కాళ్ళకి బురద లేకపోవడం కాస్త వెలితి.

హైస్కూలు మాస్టారొకరు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించారు. చట్రం కట్టిన బొమ్మని నేను మొదటిసారి చూసింది అక్కడే. 1897లో ఆ ఊళ్ళోనే పుట్టి, బొంబాయి వెళ్ళి నేర్చుకుని, 1925లో మశూచితో, 28 నిండకుండానే పోయాడాయన. ఆ నీటిరంగులు చూస్తూ నేను అనుకున్న సంగతి ఇప్పటికీ నా పనికి మొదలూ చివరా. ఇక్కడ బొమ్మలున్నాయి, వేసిన చెయ్యి లేదు. మా దొడ్డమ్మ దగ్గర చెయ్యి ఉంది, బొమ్మలు లేవు. రెండిట్లో ఏది ఎక్కువ కాలం ఉన్నట్టు? దొడ్డమ్మ ముగ్గు వాళ్ళమ్మ నుంచి వచ్చింది, ఆవిడకి ఇంకెవరి నుంచో. ఒక్క ముగ్గూ మిగలకుండానే అంతదూరం వచ్చింది.

ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు లైబ్రరీ పుస్తకంలో రిచర్డ్ లాంగ్ ఫొటో చూపించారు. 1967లో, ఇంకా విద్యార్థిగా ఉండగా, ఇంగ్లండులో గడ్డి మైదానంలో ముందుకీ వెనక్కీ నడిచి నడిచి, నలిగిన గడ్డితో ఒక గీత తెచ్చి, దాన్ని ఫొటో తీశాడు. క్లాసంతా ఆశ్చర్యపోయింది. నాకు వరద తీశాక రేవు నుంచి బడి దాకా కొత్త ఇసక మీద మేం తొక్కి తొక్కి వేసిన బాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ప్రతి ఏడూ వేశాం, ఫొటో ఎవడు తీస్తాడు! అయినా నాకు ఎక్కువ దగ్గరగా తోచింది ఆండీ గోల్డ్స్‌వర్తీ. ఆకులు, మంచుముక్కలు, రాళ్ళు పేర్చి వాటిని ఎండకీ ఆటుపోట్లకీ వదిలేస్తాడు. చిన్నప్పుడు యార్క్‌షైర్ పొలాల్లో కూలిపని చేశాడు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యడం ఆయన చేతుల్లో కనిపిస్తుంది. అతని మీద 2001లో వచ్చిన డాక్యుమెంటరీలో కట్టిన రాళ్ళు కట్టినట్టే కూలుతుంటాయి. మళ్ళీ కూర్చుని మొదట్నుంచీ పేరుస్తాడు. ఆ కూర్చునే తీరు రైతుది.

నా పని చెప్పాలంటే, ఒండ్రుని నీళ్ళలో జావలా కలిపి గ్యాలరీ నేల మీద పోస్తాను. తాడు బిగలాగి హద్దులు గీస్తాను. ప్రదర్శన నడిచే రోజుల్లో అది ఆరి, నెర్రలిచ్చి, అంచులు లేస్తుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు దాని మీంచే నడవాలి. గోడ మీద చెయ్యెత్తు గీత ఒకటి మట్టితో వేసి, మధ్యలో ఒకరోజు సున్నం కొట్టేస్తాను. ఆఖరిరోజు అంతా ఊడ్చి గోనెసంచులకెత్తుతాం. ఆ మట్టే మళ్ళీ ఇంకో ఊరికి. హైదరాబాదులో ఒకాయన అది కొనుక్కుంటానని వచ్చి, "కొంచెం ఫెవికాల్ కలపండి మేడమ్, పగలకుండా ఉంటుంది కదా" అన్నారు. పాపం ఆయన మంచికే చెప్పారు. పగలడానికే పోశానంటే అర్థం కాలేదు. మూడో రోజు ఇంకొకావిడ వచ్చి, ఎంత విషాదంగా ఉందండీ అని కళ్ళు తుడుచుకున్నారు. అదీ నాకు పొసగదు. విరిగే పెచ్చుల మీద పందేలు కాసిన పిల్లని నేను.

అలాగని అనిత్యత అనే మాటని ఎక్కడ పడితే అక్కడ వాడితే కూడా నాకు కోపం వస్తుంది. పోలవరం ప్రాజెక్టు ఎగువన దేవీపట్నం ప్రాంతపు ఊళ్ళు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. గోడలు, గుడులు, చింతచెట్లు, వాకిళ్ళు అన్నీ. అక్కడి ఫొటోలు తెచ్చి, ఇవీ మీ పనిలాంటివే కదా అని ఒక కుర్రాడు చూపించాడు. కాదన్నాను. మా కోత ఎక్కడో ఒకచోట మేట అయ్యేది. ఒకరి చేను పోతే ఇంకొకరి దొండపాదు మొలిచేది. తగాదా పడ్డా, అది ఇచ్చిపుచ్చుకోవడమే. ప్రాజెక్టు కింద మునిగిన ఊరికి మేట లేదు. దాన్ని ముంచింది ఏరు కాదు, ఒక నిర్ణయం. నిర్ణయాలకి బుద్ధుణ్ణి అడ్డం పెట్టకూడదు.

పైగా ఏరు కూడా మారింది. ఎగువన ఎక్కడికక్కడ కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. గోదారి డెల్టాకి చేరే ఒండ్రు నా చిన్నప్పటి కంటే బాగా తగ్గిందని శాస్త్రవేత్తలు కొలిచి చెబుతున్నారు. కింద ఇసక తవ్వకాలు. కోత పడుతూనే ఉంది, మేట అంతగా రావడం లేదు. తాతయ్య ఉంటే ఈ లెక్క వినగానే అర్థం చేసుకునేవారు. అదే సమయంలో ఊళ్ళో వాకిళ్ళన్నీ సిమెంటయ్యాయి. చాలా ఇళ్ళ ముందు ముగ్గు పెయింటుతో వేసేశారు, లేకపోతే స్టిక్కరు అతికించారు. ఏడాది పొడుగునా అదే పద్మం. తప్పుపట్టను, పొద్దున్నే బస్సెక్కి పనికి పోయే ఆడవాళ్ళకి కళ్ళాపికి తీరికేదీ? కానీ నేల నిలవని చోట ముగ్గు నిలిచిపోవడం చూస్తే తమాషాగా ఉంటుంది.

2022 జూలై వరదకి, భద్రాచలం దగ్గర 71.3 అడుగులొచ్చినప్పుడు, నీళ్ళు తీశాక మట్టి కోసం వెళ్ళాను. మా చేను ఉన్నచోట ఇప్పుడు పాయ. పక్క లంకలో అరటితోట కౌలుకి చేస్తున్నాయన పడవలో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. అరటంతా కుళ్ళిపోయి ఉంది. మట్టి ఎందుకని అడిగితే, నేల మీద పోసి ఆరబెడతాను, జనం వచ్చి చూస్తారు అన్నాను. కాసేపు ఆలోచించాడు.

"టిక్కెట్టు పెడతారాండి?"

"లేదండి, ఊరికేనే."

"ఆయ్, మరి మీకేంటండి?"

ఏదో చెప్పాను, ఆయనకి నచ్చలేదు. సంచికి ఇంతని బేరం చేసి, పడవ కూలి విడిగా పుచ్చుకున్నాడు. బురదలో పారతో చెక్కుతూ, పైది వద్దండి, చెత్త ఉంటుంది, కిందది మెత్తన అని తనే ఏరి ఎత్తాడు. నేను అనుకున్నన్ని సంచులు నిండలేదు. రేవులో దింపుతూ, నంబరు రాసుకొమ్మన్నాడు. "వచ్చే ఏడు కావాలంటే ముందే ఫోన్ చెయ్యండి. ఎనక్కిమల్లే పడట్లేదండి. పడ్డది పడ్డట్టు మా చేలకే చాలట్లేదు."